ముక్కలో ఏం రాసి వుంది? – పేగుపూత వ్యాధి, కణజాల సాక్ష్యం: ఒక పరిశీలన

మా మండవల్లి దగ్గర చేపల చెరువు మీద కాపలా వుండే ఒకాయన నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయన కొడుకు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. పదో తరగతి చివర్లో ఆ పిల్లవాడికి పొత్తికడుపులో కుడివైపున నొప్పి, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడడం, రోజుకు ఆరేడు విరేచనాలు పట్టుకున్నాయి. వూళ్లో వైద్యుడు అమీబా అన్నాడు. మందులతో తగ్గలేదు. పట్నం తీసుకెళ్లారు. అక్కడ గొట్టం వేసి చూసి, పేగులోంచి ముక్క తీసి పరీక్షకు పంపి, పేగు క్షయ అన్నారు. ఎనిమిది నెలలు పిల్లవాడు క్షయ మందులు మింగాడు. ఆకలి చచ్చింది, బరువు తగ్గింది, చదువు ఆగింది. ఆఖరికి ఇంకో పెద్ద వూళ్లో మరో డాక్టరు పాత కాగితాలన్నీ తిరగేసి, మళ్లీ ముక్క తీయించి, ఇది క్షయ కాదు, క్రోన్స్ వ్యాధి అన్నాడు. అప్పటికే వాళ్లావిడ మెళ్లోని బంగారం తాకట్టులో వుంది.

ఒక సాయంత్రం ఆయన రిపోర్టుల సంచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూచుని అడిగాడు: "మాస్టారండీ, ముక్క తీశారు గదండీ. రోగం ఆ ముక్కలోనే వుంది గదండీ. మరి అందులో రాసుండదాండీ?"

నేను వైద్యుణ్ణి కాను. నలభై దాటిన తెలుగు పంతులును. కవిత్వం మీదా, కథల మీదా నాలుగు మాటలు రాసుకునేవాణ్ణి. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం చదివినదీ, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. సాహిత్య విమర్శ పత్రికలో పేగుల ప్రస్తావనేమిటని కొందరికి అనిపించవచ్చు. విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులో నలుగురికీ చెప్పడం రచయిత పని కాదని కొడవటిగంటి కుటుంబరావు అనుకోలేదు. కథలు రాసిన చేత్తోనే సైన్సు వ్యాసాలూ రాశారు. పైగా ఆ చెరువు కాపలాదారు అడిగింది అసలు సిసలు విమర్శకుడి ప్రశ్న. సాక్ష్యం ఎదురుగా వుండగా తీర్పు ఎందుకు తప్పింది?

1. వ్యాధి ఏమిటి?

జనం పేగుపూత అనే మాటకు డాక్టర్లు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దపేగు లోపొరకు పరిమితమై, మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. రక్తంతో, జిగటతో విరేచనాలవుతాయి. 1859లో ఇంగ్లండులో శామ్యూల్ విల్క్స్ దీన్ని వర్ణించాడు. రెండోది క్రోన్స్ వ్యాధి. న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు 1932లో దీని మీద వ్యాసం ప్రచురించారు. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గాని, చిన్నపేగు చివరా పెద్దపేగు మొదలూ కలిసే చోట ఎక్కువ. పేగు గోడ లోతంతా తినేస్తుంది. పైగా వరసగా రాదు. ఒక జాన పుండు, ఒక జాన మంచి పేగు, మళ్లీ పుండు.

రెండిట్లోనూ జరిగేది ఒకటే. ఒంటిని కాపాడవలసిన రక్షణ కణాలు పేగు మీదనే తిరగబడతాయి. ఎందుకు తిరగబడతాయో ఏకవాక్యంలో చెప్పగల కారణం లేదు. వంశపారంపర్యం, పేగులోని సూక్ష్మక్రిములు, తిండి, వాడిన మందులు, బతికే వాతావరణం అన్నీ కలుస్తాయి.

ఇది తెల్లవాళ్ల జబ్బు, లేకపోతే పట్నం డబ్బున్నవాళ్ల జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. తెలంగాణ పల్లెల్లో శిబిరాలు పెట్టి, పేగు బాధలతో వచ్చినవాళ్లను పరీక్షించి, నగరంలో తమ దగ్గరికి వచ్చినవాళ్లతో పోల్చారు. ఆ బాధలున్న వాళ్లలో ఈ వ్యాధి పల్లెలోనూ నగరంలోనూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో వుందని 2023లో ప్రచురించారు. అంటే పల్లెలో జబ్బు లేక కాదు, చూసేవాళ్లు లేక కనపడలేదు. మొలలనీ, అమీబా అనీ, వేడి చేసిందనీ, చేతబడి అనీ రకరకాల పేర్ల కింద అది దాక్కుంది.

2. దూరం నుంచి అందే వార్తలు

వ్యాధి వుందని చెప్పే పదార్థాన్ని బయోమార్కర్ అంటున్నారు. తెలుగులో జీవసూచిక అనవచ్చు. పొగను చూసి నిప్పుందని గ్రహించడం లాంటిదే ఇది. అయితే పొగ ఎక్కడ పట్టుకున్నామన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది.

రక్తంలో చూసే సి-రియాక్టివ్ ప్రోటీన్ ఒక సూచిక. దాన్ని 1930లో న్యూమోనియా రోగుల్లో కనుక్కున్నారు. ఒంట్లో ఎక్కడ వాపు వచ్చినా కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కాబట్టి ఎక్కడో నిప్పంటుకుందని చెబుతుంది గాని, ఏ ఇల్లు కాలుతోందో చెప్పదు.

మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ ఇంకో సూచిక. దీన్ని 1980లో నార్వేలో వేరుచేశారు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లోపలి ప్రోటీనులో సగానికి పైగా ఇదే. పేగు గోడలో మంట లేచినప్పుడు ఆ కణాలు గుంపులుగా అక్కడికి వచ్చి, చచ్చి, మలంలో కలుస్తాయి. ఇది త్వరగా చెడిపోదు కాబట్టి పరీక్ష సులువు. గొట్టం వేయనక్కర్లేదు, కోయనక్కర్లేదు. వాపు లేకుండా వట్టి మనోవేదన వల్లో, పేగు కదలికల తేడా వల్లో వచ్చే కడుపునొప్పిని పక్కకు తీయడానికి ఇది చాలా మంచి పరీక్ష.

కాని దీనికీ ఒక హద్దుంది. మా ప్రాంతం సంగతితో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన నీళ్లు కొల్లేట్లో పడతాయి. చెరువుల నీళ్లూ, పొలాల మురుగూ, వూళ్ల మురుగూ వచ్చి చేరతాయి. అన్నీ కలిసి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. ఉప్పుటేటి దగ్గర సీసాతో నీళ్లు పట్టి పరీక్షిస్తే పైన ఎక్కడో విషం కలుస్తోందని చెప్పవచ్చు. ఏ చెరువులోంచో, ఏ కాలవలోంచో, ఎవరు కలిపారో చెప్పలేం. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ ఉప్పుటేటి నీళ్ల పరీక్ష లాంటిది. క్షయ వల్ల పుండు పడినా అది పెరుగుతుంది, క్రోన్స్ వల్ల పడినా పెరుగుతుంది, మామూలు బంక విరేచనాల్లోనూ పెరుగుతుంది. మంచినీళ్లు సరిగా లేని వూళ్లో, ఏడాదికి రెండుసార్లు విరేచనాలు పట్టుకునే జనంలో, ఆ అంకె ఒక్కటే చూసి ఏం తేలుస్తాం?

అంచేత చెరువు దగ్గరికే పోవాలి. పేగు గోడనే అడగాలి.

3. ముక్కను ఎలా చదువుతారు?

కొలనోస్కోపీ గొట్టంలోంచి చిన్న పట్టుకారు పంపి గిల్లే ముక్క రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, బియ్యపు నూకంత. దాన్ని ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పాతి, నాలుగైదు మైక్రాన్ల మందాన పొరలు కోస్తారు. వెంట్రుక మందంలో పదో వంతు కూడా వుండదు. ఒక చెట్టు చేవ నుంచి తీసే హెమటాక్సిలిన్, దానితోపాటు ఇయోసిన్ అనే రంగు వేస్తారు. కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబిగా కనిపిస్తుంది. పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసి చదువుతాడు.

ఇక్కడే మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు వచ్చింది. క్రోన్స్ వ్యాధిలోనూ పేగు క్షయలోనూ రక్షణ కణాలు ముద్దలుగా చేరి గ్రాన్యులోమా అనే గడ్డలు కడతాయి. రెండూ చిన్నపేగు చివరనే ఎక్కువగా వస్తాయి. నొప్పీ, జ్వరమూ, బరువు తగ్గడమూ రెండిట్లోనూ వుంటాయి. గడ్డ మధ్యలో జున్ను విరిగినట్లు కుళ్లు కనపడితే అది క్షయ. క్రిమి కనపడితే మరీ నిశ్చయం. కాని ఆ రెండూ చాలా ముక్కల్లో కనపడవు. పేగు క్షయలో క్రిములు తక్కువ. రంగు వేసి చూస్తే దొరకడం అరుదు. కల్చర్ వారాలు పడుతుంది. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షలు దొరికినప్పుడు గట్టి సాక్ష్యమే. దొరకకపోతే మాత్రం క్షయ లేదని అనడానికి వీల్లేదు.

మన ఇళ్లలో అన్నం వుడికిందో లేదో చూడడానికి ఒక మెతుకు చాలంటారు. కుండలో అన్నం అంతా ఒకే తీరుగా వుడుకుతుంది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. పేగు అలాంటిది కాదు. క్రోన్స్ వ్యాధి అక్కడక్కడ వుంటుంది. క్షయ గడ్డలు లోపొర కింద లోతుగా దాగి వుండవచ్చు. పట్టుకారు పైపొరను మాత్రమే గిల్లుతుంది. అందుకే ఒక్క మెతుకు చాలదు. పుండు అంచునా, నడుమా, పక్కన మంచిగా కనిపించే చోటా ఎనిమిదో పదో ముక్కలు తీయాలంటారు.

మా పిల్లవాడి మొదటి రిపోర్టు నేను చూశాను. దీర్ఘకాలిక గ్రాన్యులోమా వాపు వుంది, రోగి లక్షణాలతో కలిపి చూసుకోవాలి అన్న అర్థం వచ్చే రెండు వాక్యాలున్నాయి. అది తప్పు రిపోర్టు కాదు. రెండు అర్థాలకు చోటిచ్చే వాక్యం. చదివినవాడు ఒక అర్థం తీసుకున్నాడు. క్షయ ఎక్కువగా వున్న దేశంలో ఆ అర్థమే ముందు తోచడం సహజం. నేను ఆ డాక్టరును తప్పు పట్టడానికి రాయడం లేదు. అనుమానం తీరనప్పుడు క్షయ మందులు మొదలుపెట్టి చూడడం మన దేశంలో ఒప్పుకున్న పద్ధతే. కాని ఆ పద్ధతిలోనే ఒక షరతుంది. రెండు మూడు నెలలకు మళ్లీ గొట్టం వేసి చూసి, పుండు మానకపోతే దారి మార్చుకోవాలి. ఆ షరతు సంగతి తండ్రికి ఎవరూ చెప్పలేదు. రెండోసారి కొలనోస్కోపీకి డబ్బు లేక ఆయన వెళ్లనూ లేదు.

పొరపాటు ఏ వైపు జరిగినా ఖరీదు పెద్దదే. క్రోన్స్ రోగికి నెలల తరబడి క్షయ మందులిస్తే అసలు జబ్బు లోపల సాగుతూనే వుంటుంది. పుండు మచ్చ కట్టి పేగు ఇరుకవుతుంది, చివరికి కత్తి పెట్టవలసి రావచ్చు. క్షయ మందుల వల్ల కాలేయం దెబ్బతినవచ్చు కూడా. అటునుంచి చూస్తే, క్షయ రోగికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లో, ఇంకా బలమైన మందులో ఇస్తే అణిగి వున్న క్షయ ఒళ్లంతా పాకుతుంది. ప్రాణానికే ముప్పు.

4. రూపం నుంచి సారం వైపు

ఇంతదాకా పాథాలజిస్టు చూసింది కణాల రూపాన్ని. రూపం ఒకటే అయినప్పుడు సారం వేరని ఎలా తేల్చాలి? కణం పైనా లోపలా ఏ పదార్థాలున్నాయో చూడాలి. కణజాలంలోనే నేరుగా జీవసూచికను పట్టడమంటే ఇదే.

ఇందుకు ప్రధానమైన పనిముట్టు యాంటీబాడీ. తాళంచెవి తన తాళాన్నే పట్టుకున్నట్లు, ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క పదార్థానికే అంటుకుంటుంది. దాని తోకకు ఒక రంగు కట్టి ముక్క మీద పోసి కడిగేస్తే, ఆ పదార్థం వున్న చోటే రంగు మిగులుతుంది. హార్వర్డులో ఆల్బర్ట్ కూన్స్ 1941లో మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలతో దీనికి దారి వేశాడు. మలంలో కొలిచిన అంకె ఎంత వుందో మాత్రమే చెబుతుంది. ఈ పద్ధతి ఎక్కడ వుందో, ఏ కణం మీద వుందో, దాని పక్కన ఎవరున్నారో కూడా చెబుతుంది. వూరి జనాభా లెక్కకూ, వూరి వీధుల పటానికీ వున్న తేడా ఇది.

హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2013లో సరిగ్గా మన చిక్కు మీదనే ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. దానికి ముందు కథ ఒకటుంది. క్షయ క్రిమి మీసెంకైమల్ మూలకణాలనే ఒక రకం కణాలను తన గడ్డ చుట్టూ చేర్చుకుని, రక్షణ కణాల దాడి నుంచి తప్పించుకుంటుందని ఢిల్లీ పరిశోధకులు 2010లో చూపించారు. దొంగ తన ఇంటి చుట్టూ మంచివాళ్ల చేత కంచె కట్టించుకున్నట్లు. అలాంటి కణాల మీద సీడీ73 అనే పదార్థం వుంటుంది. అది వాపును చల్లార్చే అడినోసిన్‌ను తయారుచేసే ఎంజైము. అయితే క్షయ గడ్డలో ఆ కంచె వుండాలి, క్రిమి లేని క్రోన్స్ గడ్డలో వుండకూడదు కదా? హైదరాబాదు వాళ్లు పేగు ముక్కల్లో యాంటీబాడీలతో వెతికారు. సీడీ73 గుర్తు క్షయ గడ్డల చుట్టూ కనపడింది, క్రోన్స్ గడ్డల దగ్గర కనపడలేదు.

ఇది తొలి ప్రయత్నమని వాళ్లే పేరులో చెప్పుకున్నారు. కొద్దిమంది రోగుల మీద తేలిన మాట. దీన్నొక్కదాన్నే నమ్మి మందు రాయడానికి చాలదు. కాని దారి ఎటో చూపించింది. క్రిమి దొరకనప్పుడు క్రిమి చేసిన పని జాడను పట్టుకోవచ్చు.

5. మన భీమవరం మనిషి

ఈ సంగతులు చదువుతుంటే నాకు దారిలో మన వాడొకడు ఎదురయ్యాడు. మండవల్లి స్టేషన్లో రైలెక్కితే చేరే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగు వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టకుండా విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయన వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రచురించాడు. ఒంటిలోని ద్రవాల్లో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంత వుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలవడం. తర్వాత ఎన్నో దశాబ్దాలు ప్రపంచంలోని ప్రయోగశాలలు ఆ పద్ధతి వాడాయి.

ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుంటే రంగు వెంటనే రాకుండా నెమ్మదిగా తేలడం వాళ్లు గమనించారు. ఇంకొకరైతే రసాయనం పాతదనుకుని వదిలేసేవాళ్లు. వాళ్లు వదలలేదు. కండరంలో ఫాస్ఫేటు విడిగా లేదు, సులువుగా విడిపోయే ఒక పదార్థంలో బంధమై వుంది, పరీక్ష చేస్తుండగానే అది విడిపోతోంది అని గ్రహించారు. అదే 1927లో బయటపెట్టిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ కూడా వాళ్ల చేతిలో తేలింది. అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ముందువాళ్లు కండరంలో విడి ఫాస్ఫేటు చాలా వుందనుకున్నది వాళ్ల పరీక్షే పుట్టించిన భ్రమ. కణజాలం దగ్గరికి పోవడమొక్కటే చాలదు, మనం వెళ్లిన తీరే సాక్ష్యాన్ని మార్చేస్తుందేమో కూడా చూసుకోవాలన్న పాఠం అందులో వుంది. ఫార్మలిన్‌లో ఎక్కువసేపు పడివున్న ముక్క, ఆలస్యంగా లాబొరేటరీకి చేరిన ముక్క సరైన మాట చెప్పవు.

ఇంకో చిత్రం. పైన చెప్పిన సీడీ73 చేసే పని ఏమిటంటే, ఏటీపీ విరిగితే వచ్చే ఏఎంపీ నుంచి ఫాస్ఫేటును ఊడదీయడం. ఆ ఎంజైము చురుకుదనాన్ని కొలవడానికి చాలాకాలం వాడింది, వూడిన ఫాస్ఫేటును రంగుతో కొలిచే ఆ పద్ధతినే. సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో 1940 దశకంలో తయారైన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందయింది. అక్కడే పుట్టిన మెథోట్రెక్సేట్ మొదట కేన్సరుకు వాడి, 1995లో వచ్చిన అధ్యయనం తర్వాత క్రోన్స్ వ్యాధికీ వాడుతున్నారు. మా పిల్లవాడికి ఇప్పుడు రాసిచ్చిన చీటీలో మెథోట్రెక్సేట్, దాని చెడు తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం పక్కపక్కనే వున్నాయి. భీమవరం మనిషి చేతి పని నూరు మైళ్లయినా లేని దూరానికి లోకమంతా చుట్టి తిరిగొచ్చింది. ఆయన 1948లో చనిపోయాడు.

6. ఏ మందు ఎవరికి?

రోగం పేరు తేలితే పని అయిపోదు. క్రోన్స్ వ్యాధిలో టీఎన్‌ఎఫ్ అనే పదార్థం మంటను ఎగదోస్తుంది. దాన్ని అడ్డే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. తర్వాత అడాలిముమాబ్ వచ్చింది. ఇవి చాలామందిని నిలబెట్టాయి. అయితే దాదాపు మూడోవంతు దాకా రోగులకు మొదటి నుంచే పనిచేయవు. పైగా క్షయ గడ్డ గోడను కూలిపోకుండా పట్టి వుంచేది కూడా ఆ టీఎన్‌ఎఫ్ కాబట్టి, ఈ మందులతో అణిగిన క్షయ మళ్లీ లేస్తుందని 2001లో స్పష్టంగా తేలింది. మన దేశంలో ముక్క పరీక్ష విలువ ఎంతటిదో దీంతో ఇంకా బాగా తెలుస్తుంది.

జర్మనీలో ఎర్లాంగెన్ పరిశోధకులు 2014లో ముక్క తీయకుండానే చదివే ప్రయత్నం ప్రచురించారు. మెరిసే రంగు కట్టిన అడాలిముమాబ్‌నే కొలనోస్కోపీ సమయంలో పేగు గోడ మీద చల్లి, గొట్టం చివర లేజరు సూక్ష్మదర్శినితో అక్కడికక్కడే చూశారు. టీఎన్‌ఎఫ్ వున్న కణాలు మెరుస్తాయి. 25 మంది క్రోన్స్ రోగుల్లో, మెరిసే కణాలు ఎక్కువగా వున్నవాళ్లలో 92 శాతానికి పన్నెండో వారానికి మందు పనిచేసింది. తక్కువగా వున్నవాళ్లలో 15 శాతానికే పనిచేసింది. వేటను చంపే బాణాన్నే వేట ఎక్కడుందో చూపే దివిటీగా వాడారన్నమాట. 2017లో ఆక్స్‌ఫర్డు వాళ్లు ఇంకోవైపు నుంచి వచ్చారు. పేగు కణజాలంలో ఆంకోస్టాటిన్ ఎం అనే పదార్థం ఎక్కువగా వున్నవాళ్లకు టీఎన్‌ఎఫ్ మందులు పనిచేయడం తక్కువని చూపించారు.

25 మంది మీద చేసిన పని 25 మంది మీద చేసినదే. దాన్ని లక్షల మందికి వర్తింపజేయాలంటే ఇంకా చాలా చూడాలి. అయినా మందు వేసి, డబ్బు పోసి, నెలలు ఆగి, పనిచేయలేదని తెలుసుకునే బదులు, ముందే పేగును అడిగి తెలుసుకోవచ్చన్న ఆలోచన కూలివాడికే ఎక్కువ అవసరం. 2014 చివర్లో మన దేశంలోనే అడాలిముమాబ్‌కు చౌక రూపం వచ్చింది. చౌక అన్నది కంపెనీ లెక్క. చెరువు కాపలా జీతం లెక్కలో అది చౌక కాదు. పనిచేయని మందు ధర డబ్బున్నవాడికి నష్టం, లేనివాడికి సర్వనాశనం.

7. గుర్తు వేరు, కారణం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. మనకు అందరికీ గుర్తే. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ వున్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల మాట ముందుకొచ్చింది. ఒంట్లో ఒక పదార్థం దొరకడం ఒకటి, ఆ పదార్థమే జబ్బు తెచ్చిందని రుజువు కావడం ఇంకొకటి, అది ఎవరి నిర్లక్ష్యం వల్ల నీళ్లలోకి వచ్చిందో తేలడం మూడోది. మొదటిది ప్రయోగశాల తేలుస్తుంది. మూడోది ప్రయోగశాల ఒక్కటే తేల్చలేదు.

పేగు ముక్కలోని జీవసూచికలూ అంతే. సీడీ73 క్షయ కారణం కాదు, క్షయ వున్నచోట కనపడిన గుర్తు. సాహిత్యంలో మనం దీన్ని ఎరుగుదుం. రచనను వదిలేసి రచయిత కులగోత్రాలు చూసి తీర్పు చెప్పేవాడు ఉప్పుటేటి నీళ్లు చూసి చెరువుకు శిక్ష వేసేవాడు. రచనలోని మాటలే సర్వస్వమని, అది పుట్టిన కాలాన్నీ సమాజాన్నీ చూడనివాడు రోగిని చూడకుండా ముక్కను చూసి మందు రాసేవాడు. రిపోర్టులో రోగి లక్షణాలతో కలిపి చూడాలన్న వాక్యం మొక్కుబడి వాక్యం కాదు. అది విమర్శ సూత్రం. ముక్కనూ చదవాలి, మనిషినీ చదవాలి. మా పిల్లవాడి ఇంట్లో ఎవరికైనా క్షయ వుందా, ఊపిరితిత్తుల ఫోటో ఎలా వుంది, ఎన్నాళ్ల నుంచి విరేచనాలు, రక్తం పడుతోందా అన్నవి ముక్కతో సమానమైన సాక్ష్యాలు.

ఈ కొత్త పరీక్షలు ఎవరికి చేరతాయన్నదే చివరి ప్రశ్న. యాంటీబాడీ సీసా కొనవచ్చు. దాన్ని వాడి చదివే పాథాలజిస్టు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ పాథాలజీ విభాగం బలపడితే, ముక్కలు సరిగ్గా ఎనిమిదో పదో తీసి, వేళకు చేర్చి, అనుమానం వున్నవాటిని ఇంకో కంటితో చదివించే ఏర్పాటు వుంటే, మండవల్లి నుంచి హైదరాబాదు దాకా సంచి పట్టుకు తిరగనక్కర్లేదు. ఖరీదైన యంత్రం కన్నా ముందు కావలసింది ఇది. రెండు మూడు నెలలకు మళ్లీ చూపించుకోవాలని తండ్రికి అర్థమయ్యే తెలుగులో రాసిచ్చే ఒక కాగితం ఇంకా ముందు కావాలి. దానికి ఖర్చేమీ లేదు.

మొన్న ఆయన మళ్లీ కనపడ్డాడు. పిల్లవాడు కాస్త తేరుకున్నాడు, ఇంటర్‌లో చేరాడు. పరుగెత్తలేడు గాని అన్నం తింటున్నాడు. నేను చదివినదంతా చెప్పాను.

"నువ్వన్నది నిజమేనయ్యా. ముక్కలో రాసే వుంది. కాని అది రాసిన లిపిలో సగం అక్షరాలే మనకిప్పటిదాకా వచ్చు. మిగతావి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు."

ఆయన కాసేపు ఆలోచించి అన్నాడు: "వచ్చిన సగమన్నా మాకు చదివి వినిపించాలి గదండీ."

దానికి మాత్రం నా దగ్గర జవాబు వుంది. వినిపించాలి. ఈ వ్యాసం అందుకే.